పొట్టి చెట్ల వయసు

ఆవిణ్ణి ఆఫీసులో టేపక్క అనేవాళ్లు, చాటుగా. కొలిచే టేపు ఎప్పుడూ నడుముకి చుట్టుకునే ఉంటుందని ఆ పేరు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. నోరు అలాంటిది మరి.

అటవీశాఖలో చెట్లు కొలవడం ఆవిడ పని. కొండ మొదలు నుంచి నెత్తి దాకా, వంద మీటర్ల ఎత్తుకొకటి చొప్పున పద్నాలుగు ప్లాట్లు ఉన్నాయి. ఇళ్ల ప్లాట్లు కావు, చెట్ల ప్లాట్లు. ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒక్కో చెట్టుకీ అల్యూమినియం బిళ్ల కొట్టి, ఆనాటి చుట్టుకొలతా తేదీ దాని మీదే మేకుతో గీసింది. ఇరవై నాలుగేళ్లుగా ఏటా వెళ్లి మళ్లీ కొలుస్తోంది. కళ్లకి గంతలు కట్టి కొండమీద ఎక్కడ వదిలినా, చేతికి తగిలిన బెరడుని బట్టి ఎంత ఎత్తులో ఉందో చెప్పేస్తుంది. కింద టేకు, వెదురు. ఎండాకాలం వస్తే ఆకంతా రాల్చేసి బోసిగా నిలబడతాయి. ఏడెనిమిది వందల మీటర్లకి వెళ్లేసరికి ఆకు రాల్చని చెట్లు, గోడల్లాంటి వేళ్లతో, మెడ నొప్పెట్టేంత ఎత్తున. వెయ్యి దాటాక మానులు సన్నబడతాయి, ఆకు చిన్నదై మందమవుతుంది. పదమూడు వందల పైన రోజూ మబ్బు దిగుతుంది. అక్కడి చెట్లు మనిషికి రెండింతలుండవు. గాలికి వంకర్లు తిరిగి, ఒళ్లంతా నాచు పట్టి ఉంటాయి.

ఆ పొట్టి చెట్ల దగ్గరే గొడవ మొదలైంది.

ఒకరోజు కొత్త మేకులు అడగడానికి గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్లింది. గుమాస్తా స్వయానా ఆవిడ మరిది. ఆవిడ పెళ్లై వచ్చేసరికి అతను ఎనిమిదో తరగతి. పాఠాలు చెప్పి గట్టెక్కించిందీ, ఈ ఆఫీసులో చేర్పించిందీ ఆవిడే. భర్త పోయి ఆరేళ్లైనా అత్తతో, మరిది కుటుంబంతో ఒకే ఇంట్లో ఉంటోంది. బల్ల మీద ఒక రిపోర్టు కనపడింది. కొండ నెత్తిన హోటల్ కట్టుకోవడానికి అనుమతి ఇవ్వచ్చని దాని సారాంశం. 'పైన ఉన్నది పాడైపోయిన పొదలు, పదేళ్లకి మించని మొక్కలు' అని రాసి ఉంది. కింద, కొలిచినవారి సంతకం. ఆవిడ పేరు.

"ఇది నేను పెట్టిన సంతకమేనా?"

"అరవకు వదినా. నీ పేరు లేకపోతే పైవాళ్లు ఒప్పుకోరు, అందుకని పెట్టాం."

"పెట్టాం కాదు, పెట్టావు. ఆ చెట్లు పదేళ్లవా?"

"ఎత్తు చూస్తే తెలీట్లేదా?"

"ఎత్తు చూసి వయసు చెప్పేటట్టయితే మీ అమ్మకి ఏడేళ్లు!"

పక్క గదిలోంచి కొత్త ఆఫీసరు వచ్చాడు. ఆవిణ్ణి ఎగాదిగా చూసి, "ఏం చదివావమ్మా నువ్వు?" అన్నాడు.

"పదో తరగతి సార్. మీరు పెద్ద చదువే చదివారు కదా, ఒక్కసారైనా పైకెక్కారా?"

"ఫొటోలు చూశాను."

"ఫొటోలో మీరూ పొట్టిగానే ఉంటారు."

ఆయన మొహం కందిపోయింది. ఆ సాయంత్రమే ఆవిడ, సంతకం తనది కాదని, ఆ చెట్లు పదేళ్లవి కావని హెడ్డాఫీసుకి ఉత్తరం రాసి పోస్టు చేసింది. రెండు రోజుల తర్వాత ఆఫీసు బీరువా తెరిస్తే ఇరవై నాలుగేళ్ల కొలతల పుస్తకాలు లేవు. చెదలు పట్టాయి, తగలబెట్టించామన్నాడు మరిది, కళ్లలోకి చూడకుండా.

ఇంట్లో అత్త కంచం విసురుగా పెట్టింది. "నా కొడుకు కడుపు కొట్టి నువ్వేం బావుకుంటావే?"

"నా పేరు అమ్ముకున్నప్పుడు నా కడుపు గుర్తురాలేదా అతనికి?" అని తినకుండా లేచింది. ఇంకెక్కడి ఆకలి!

మూడు వారాలకి తనిఖీకి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనదీ నవ్వు మొహం కాదు. "నువ్వు రాసింది అబద్ధమని తేలితే ఉద్యోగం పోతుంది" అన్నాడు వస్తూనే. ఆఫీసరు జీపులో వెనక దారిన నేరుగా పైకి తీసుకెళ్తానన్నాడు. "కింద నుంచి నడిస్తేనే తెలుస్తుంది" అంది ఆవిడ. ఆయనకి మోకాళ్ల నొప్పులని ఆఫీసరు అడ్డం పడ్డాడు. "నా మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను" అని పెద్దమనిషి నడక మొదలుపెట్టాడు.

మూడు వందల మీటర్ల దగ్గర ఒక టేకు మానుని చూపించింది. బిళ్లని బెరడు మింగేసింది, ఒక్క మూల మాత్రం బయట ఉంది. ఏడు వందల దగ్గర అదీ లేదు. కత్తితో గీకితే లోపలెక్కడో తళుక్కుమంది. ఆఫీసరూ వాళ్ల వెంటే నడిచాడు. మరిది వెనకాల రొప్పుతూ ఈసురోమంటూ వచ్చాడు.

పద్నాలుగు వందల దగ్గర మబ్బులో నిలబడి, వంకర చెట్టు మీది నాచుని అరచేత్తో తుడిచింది. బిళ్ల నిన్న కొట్టినట్టు పైకే ఉంది. దాని మీద గీసిన కొలత ముప్పై ఆరు సెంటీమీటర్లు, తేదీతో సహా. టేపు చుట్టి పెద్దమనిషి చేతికిచ్చింది. "మీరే చదవండి."

"నలభై ఒకటి."

"మూడు చెట్లకీ ఒకే ఏడాది కొట్టాను ఈ బిళ్లలు. ఇది ఇరవై నాలుగేళ్లలో అయిదు సెంటీమీటర్లు లావెక్కింది. నలభై ఒకటి అవడానికి ఎన్నేళ్లు పట్టిందో మీరే లెక్కేయండి."

ఆయన వేళ్ల మీద లెక్కేసి, మెల్లగా అన్నాడు, "దగ్గర దగ్గర రెండొందలేళ్లు."

"గాలికీ చలికీ పెరగలేదంతే సార్" అన్నాడు ఆఫీసరు.

"నేను మొత్తుకుంటున్నదీ అదే! కొట్టేస్తే మళ్లీ ఎప్పటికి లేస్తుంది ఇది?"

పెద్దమనిషి ఆవిడ వైపు తిరిగాడు. "సంతకం ఎవరు పెట్టారో తెలుసా?"

మరిది ఆవిణ్ణే చూస్తున్నాడు. తెలీదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఆవిడ వేలెత్తి చూపించింది. దిగేటప్పుడు కూడా అతని మీద జాలి వేయలేదు. అది తనకే వింతగా అనిపించింది.

హోటల్ ఫైలు ఆగిపోయింది. ఆఫీసరుకి మాత్రం వెంట్రుక కూడా ఊడలేదు. ఇంకా మంచి చోటికి బదిలీ అయింది, పోతూపోతూ ఆవిణ్ణి స్టోరు గదికి మార్చాడు. మరిదిని ఆరు నెలలు సస్పెండ్ చేశారు. ఇంట్లో వంటలు వేరుపడ్డాయి. ఆవిడ నడిచిన చోట అత్త పనిగట్టుకుని మళ్లీ ఊడ్చేది.

ఒక ఉదయం మెట్ల మీద మరిది ఎదురుపడ్డాడు. "నీ చెట్లు బతికాయిగా. వాటితోనే కాపురం ఉండు."

"ఉంటాను. అవి నా సంతకం పెట్టవు."

ఆ ఆదివారమే కొండ మొదట్లో ఒంటిగది అద్దెకి తీసుకుంది. రెండు ట్రంకుపెట్టెలు, ఒక మంచం. సాయానికి ఇంట్లోంచి ఎవరూ రాలేదు, ఆవిడా పిలవలేదు.