నంజమ్మక్క రేకుపెట్టె

నంజమ్మకు చదువు రాదు. ఈ మాట మొదటే చెప్పేయాలి. ఇన్నేళ్ళుగా నన్ను లోపల్లోపల తినేసింది అదే.

ఆమె నా తోడికోడలు, పెద్దామె. మా ఇల్లు కె.ఆర్.పురంలో, సంత వెనక వీధిలో. కింద ఆమె, ఆమె భర్త వెంకటగిరియప్ప బావ, మా అత్త అక్కయమ్మ ఉంటారు. పైన నేను, మా ఆయన మునిరాజు. నేను ఒక స్కూల్లో ముప్పై రెండేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. రికార్డు గది తాళాలు నా దగ్గరే ఉండేవి. ఎప్పటి టీసీ అడిగినా కాఫీ చల్లారేలోగా వెతికి చేతిలో పెట్టేదాన్ని. అలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకొని మా అత్త, మామ ఇల్లు కొన్నప్పటి క్రయపత్రం, ఇంటి ఖాతా కాగితాలు, పన్ను రసీదులు, చివరికి తాను రాయించిన వీలునామా కూడా తీసుకెళ్ళి నంజమ్మ చేతిలో పెట్టింది.

నా పేరు అనసూయ. అసూయ లేనిదని అర్థమట. పేరు పెట్టేటప్పుడు మావాళ్ళు కొంచెం తొందరపడ్డారు.

నంజమ్మది చింతామణి పక్క పల్లె. పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోస్తూ పెరిగింది. బడి గడప తొక్కలేదు. పదిహేడేళ్ళకు పెళ్ళయి ఈ ఇంటికి వచ్చింది. వచ్చిన మరుసటేడు స్టేషన్ రోడ్డులో బావ పెట్టిన బొరుగుల అంగట్లో కూర్చుంది, ఇప్పటికీ కూర్చుంటుంది. మనిషి నల్లగా, పొట్టిగా ఉంటుంది. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. వీధిలో ఎవరు ఊరికి పోయినా ఇంటికి తాళం వేసి, బీగం చెవి ఆమెకే ఇచ్చిపోతారు. పక్కింటి హేమంత్‌కుమార్ బ్రూక్‌ఫీల్డ్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. బతుకంతా ఫోన్‌లోనే దాచుకునే ఆ మనిషి కూడా చెవి మాత్రం నంజమ్మకే ఇస్తాడు. పైనుంచి చూస్తూ నేను కళ్ళలో నిప్పులు పోసుకునేదాన్ని.

కాగితాలు ఆమె ఒక పచ్చ రేకుపెట్టెలో పెట్టేది. చదవడం రాదు కదా, గుర్తులు పెట్టుకుంది. ఎర్ర దారం కట్టింది క్రయపత్రం. తెల్ల దారం కట్టినవి పన్ను రసీదులు. పసుపు గుడ్డలో చుట్టింది అత్త వీలునామా. ఏటా ఉగాదికి ముందు ఒకరోజు అన్నీ తీసి, నీడపట్టున చాప మీద పరిచి, గాలి తగలనిచ్చి, కొత్త వేపాకు వేసి మళ్ళీ సర్దేది. శ్రావణంలో వరమహాలక్ష్మి పూజ రోజు పెట్టెను కలశం ముందుకు తెచ్చి, ఒక్కో కాగితానికి ఒక మూల తడి కుంకుమ బొట్టు పెట్టేది. వీలునామాకైతే కవరు మీదే పెట్టేది. మా ఇళ్ళలో ఇది పాత ఆచారమే. ఆ బొట్లు చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండేది. రికార్డుకు తడి తగలనివ్వకూడదని నాకు తెలుసు, ఆమెకు తెలియదు. అయినా పెట్టె ఆమె దగ్గరే ఉంది.

ఒకసారి ఉండబట్టలేక అత్తను అడిగేశాను. “కాగితాలు నా బీరువాలో ఉంటే ఏమి అత్తా?”

“నీకు బోలెడు పనులుండాయి కదమ్మా” అంది అత్త. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

వీలునామా రాయించింది మామ పోయిన ఏడాది. లాయరు మార్త ఇంటికే వచ్చి రాసింది. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు. కవరుకు లక్క వేశారు. అందులో ఏముందో మార్తకు, అత్తకు తప్ప ఎవరికీ తెలియదు. నేను మాత్రం తెలిసిపోయిందనుకున్నాను. కింద ఇల్లు, చందాపురలో అత్త పేరున ఉన్న ఖాళీ సైటు బావకే రాసుంటుంది. పైన రెండు గదులు మాకు పడేసుంటుంది. రోజూ అత్త కాళ్ళు ఒత్తిన నంజమ్మ చేతికి సైటు రాకుండా పోతుందా? ఈ లెక్క పదిహేనేళ్ళు మనసులో వేసుకుంటూనే ఉన్నాను.

పోయినేడు ఆషాఢంలో నంజమ్మ కూతురు ఆశకు కాన్పు వచ్చింది. ఆశ కాపురం చందాపురలో. పది రోజులు అక్కడుండి రావాలని నంజమ్మ సంచి సర్దుకొని, రేకుపెట్టె చంకన పెట్టుకొని మెట్లెక్కి వచ్చింది.

“అనసూయా, ఇది నీకాడ ఎత్తిపెట్టు. కాగితాలంటే నీకు తెలిసినట్ల ఎవురికి తెలుసు? ఆ లక్క కవరు మాత్రం అత్తది. దాన్నట్లే ఉండనీ” అని చెవితో సహా ఇచ్చింది.

పదిహేనేళ్ళు ఎదురుచూసిన పెట్టె. మూడో రోజుకే తెరిచాను.

మొదట అంతా మంచి బుద్ధితోనే చేశాను. కనీసం అలా అనుకున్నాను. క్రయపత్రం మూల పురుగు కొట్టి ఉంది. బొట్టు మీద బొట్టు పడి స్టాంపు కాగితం అంచు నల్లబడింది. చూడగానే నాకు ఎంత సంతోషమైందో చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆమె తప్పు దొరికింది. పసుపు గుడ్డ విప్పితే కవరు కూడా మెత్తబడింది. లోపలి కాగితం ఎలా ఉందో చూడాల్సిందే అని నాకు నేనే సర్ది చెప్పుకొని, బ్లేడుతో లక్క లేపాను.

చదివాను. కింద ఇల్లు బావకు, పై ఇల్లు మాకు. సైటు చెరి సగం. నేను పదిహేనేళ్ళు వేసిన లెక్క ఒక్కటీ నిజం కాదు. చివర ఇలా ఉంది: “ఈ కాగితం నా పెద్దకోడలు నంజమ్మ దగ్గర ఉంటుంది. నా తరువాత దీన్ని తెరిచి, అందరి ముందు చదివి, ఇందులో ఉన్నట్టు జరిపించే బాధ్యత నా చిన్నకోడలు అనసూయది. ఆమె మాటకు నా కొడుకులు ఎదురు చెప్పరాదు.”

నా పేరు. ఆ ముసలామె మనసులో నేనున్నాను, అదీ అంత ఎత్తున. వంటింట్లో స్టూలు మీద కూర్చొని నాలుగుసార్లు చదివి ఏడ్చాను. ఏడుపయ్యాక ఒకటే ఆలోచన. నా పేరున్న ఈ కాగితానికి పురుగు తగలకూడదు, తడి తగలకూడదు, నంజమ్మ బొట్టు అసలే తగలకూడదు.

క్రయపత్రాన్ని, వీలునామాను తీసుకొని టిన్ ఫ్యాక్టరీ దగ్గర జెరాక్స్ అంగడికి పోయాను. లామినేషన్ చేయమన్నాను.

“ఒరిజినల్‌కు ప్లాస్టిక్ వేయకూడదు మేడం. జెరాక్స్ తీసి దానికి వేసిస్తా” అన్నాడు అంగడాయన.

“ముప్పై రెండేళ్ళు రికార్డులు చూసినదాన్ని. నాకు చెప్తావా?” అన్నాను. వేసిచ్చాడు. అద్దంలా మెరుస్తూ వచ్చాయి. మెత్తబడ్డ కవరు పారేసి, అదే ఎర్ర దారం కట్టి, అదే పసుపు గుడ్డ చుట్టి, పెట్టెలో పెట్టి బీగం వేశాను. నంజమ్మ వచ్చి పెట్టె తీసుకుపోయింది. తెరిచి చూడనైనా లేదు.

వరమహాలక్ష్మి శుక్రవారం వచ్చింది. కింద కలశం పెట్టారు. అత్త కుర్చీలో కూర్చుంది, ఎనభై నాలుగేళ్ళ మనిషి. నంజమ్మ పెట్టె తెరిచి ఎర్ర దారం విప్పి, ఉంగరం వేలితో కుంకుమ తీసుకొని క్రయపత్రం మూల పెట్టింది. బొట్టు నిలవలేదు, జారింది. పైట కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారి చాప మీద పడింది. పసుపు గుడ్డ విప్పి చూసింది. లక్క లేదు, కవరే లేదు. మెరిసే అట్ట ఒకటి ఉంది. ఆమె తలెత్తి నన్ను చూసింది. దొంగకు తేలు కుట్టినట్టు నేను ఆరతి పళ్ళెం పట్టుకొని నిలబడ్డాను.

“ఏమి నంజీ, నిలిచిపోతివి?” అంది అత్త.

నంజమ్మ అట్టను తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో పెట్టింది. అత్త దాన్ని బొటనవేలితో తడిమి చూసింది.

“చదివినావా అనసూయా?”

“చదివినాను అత్తా. పురుగు పడతా ఉండాదని...”

“నీ పేరు చూసుకున్నావు కదా?”

“చూసుకున్నాను.”

“నేను పోయినంక చదవమంటి. ఇంగా ఉండా కదప్పా నేను” అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. అట్టను నంజమ్మ చేతికిచ్చి మళ్ళీ అంది. “చదువు రానామె పదిహేనేండ్లు తెరవలే. నువ్వు పది దినాలు పట్టలేకపోతివి.”

మరుసటి వారం మార్త వచ్చి చూసి తల పట్టుకుంది. క్రయపత్రానికి నకలు తీసుకోవచ్చంది. వీలునామాకు ప్లాస్టిక్ వేస్తే రేపు ఎవరైనా కోర్టుకు పోయినప్పుడు సంతకాలు పరీక్షించడం కష్టమంది. కవరు ముందే తెరిచారంటే లేనిపోని అనుమానాలూ వస్తాయంది. సాక్షుల్లో ఒకాయన పోయి నాలుగేళ్ళయింది. కొత్తగా రాయడమే మంచిదని తేల్చింది.

కొత్తది రాశారు. ఈసారి రిజిస్టరు కూడా చేయించారు. ఆ రోజు నేనూ ఆటో ఎక్కబోతే, “నువ్వు ఇంటికాడ ఉండమ్మా” అంది అత్త. నంజమ్మను తీసుకుపోయింది. సాయంత్రం నంజమ్మ లక్క వేసిన కొత్త కవరుతో వస్తే మెట్ల దగ్గరే పట్టుకున్నాను.

“అక్కా, ఏమి రాయించింది?”

“నేను బయట బెంచీ మీద కూర్చోనుంటి కదా అనసూయా. లోపలికి పోలేదు.”

“అడగనైనా లేదా?”

“అడిగి నేనేం చేసేది?” అంటూ కవరును రేకుపెట్టెలో పెట్టి, పొయ్యి మీద పాలు పెట్టడానికి పోయింది.

నిజంగానే ఆమెకు అక్కర్లేదు. సైటు మీద నాకిప్పుడు ఆశ లేదు, ఇల్లెలా పంచినా సరే. ఆ చివరి నాలుగు వరుసల్లో నా పేరు ఇంకా ఉందా, కొట్టేసిందా, అది ఒక్కటే కావాలి. మా ఆయన్ను వాళ్ళమ్మను అడిగి తెలుసుకోమన్నాను. “చదివేదంతా నువ్వే చదువుకుంటావు కదా, నన్నెందుకు అడుగుతావు” అని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అత్త నాతో ఎప్పటిలాగే మాట్లాడుతుంది, కాఫీలో చక్కెర తక్కువైందని తిడుతుంది. ఆమె ముఖం చూసి నాకేమీ తెలియడం లేదు. నంజమ్మ మాత్రం అదే ముఖంతో అంగడికి పోతుంది, వస్తుంది, అన్నం తిని హాయిగా పడుకుంటుంది. చదువు రాకపోవడాన్ని చూసి కుళ్ళుకునే గతి ఎవరికైనా పడుతుందా? నాకు పట్టింది.

మొన్న ఆశ కూతురికి చెవులు కుట్టించడానికి నంజమ్మ మళ్ళీ చందాపుర బయలుదేరింది. రేకుపెట్టె చంకన పెట్టుకొని మెట్లెక్కి వచ్చి, నా ముందు పెట్టి, బీగం చెవి చేతికిచ్చింది.

“మళ్ళీ నాకేనా అక్కా?”

“ఇంగెవురికి ఇయ్యాల? ఇంట్లో కాగితం విలువ తెలిసినామెవి నువ్వే కదా” అంది. ఎగతాళేమోనని ముఖంలోకి చూశాను. కాదు.

పెట్టె తీసుకున్నాను. చెవి ఆమె చేతిలోనే తిరిగి పెట్టాను.

“ఇది నువ్వే తీసుకపో.”

“యాలమ్మా?”

“నేను తెరుస్తాను అక్కా” అన్నాను.

ఆమె చెవిని కొంగున ముడేసుకొని మెట్లు దిగింది. పెట్టె ఇప్పుడు నా బీరువాలో, చీరల కింద ఉంది. ఆమె రావడానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ చిన్న బీగం ఊడదీయడం ఎంతసేపు? బ్లేడు ఎక్కడుందో నాకు తెలుసు.