అన్నానికి నిషేధం, విస్కీకి మినహాయింపు

ఆ రోజుల్లో ఎవరైనా తిన్నావా అని పలకరిస్తే, ఏం తిన్నానో కాకుండా ఏం మానేశానో చెప్పేవాణ్ణి. అన్నం మానేశాను, రొట్టె మానేశాను, చాయ్‌లో చక్కెర మానేశాను (ఉస్మానియా బిస్కెట్ మానేసిన రోజు మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి). అడిగేవాళ్ళే తక్కువ కాబట్టి నా ప్రసంగాలు ఎక్కువగా గదిలో అద్దమే వినేది. కరెంటు ఆఫీసులో చిన్న ఉద్యోగం, శాలిబండలో మేడ మీద గది. నాతో ఉండే దోస్తు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే నాకు ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టుకొచ్చింది. ఫోన్‌లో ఒకాయన అన్నం విషమనీ, గుడ్లు, మాంసం, నెయ్యి ఎంతైనా లాగించవచ్చనీ చెప్పాడు. ఇంకొకాయన బీరులో పిండిపదార్థం ఉంటుంది, విస్కీలో ఉండదు అన్నాడు. ఈ రెండో ఆయన నాకు మహానుభావుడిలా కనిపించాడు.

కింది వాటాలో షట్టరన్న ఉండేవాడు. దుకాణాలకు ఇనుప షట్టర్లు చేస్తాడు కాబట్టి గల్లీ అంతా ఆయన్ని అలాగే పిలిచేది. రోజూ సాయంత్రం వాళ్ళింటి నవ్వులు, తాలింపు వాసన మెట్లెక్కి నా గదిలోకి వచ్చేవి. ఒక్కసారి నన్ను కిందికి పిలిస్తే బాగుండని ఎంతగా అనుకునేవాణ్ణో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. చివరికి బోనాల ఆదివారం పొద్దున అన్న మెట్ల దగ్గర ఆపి, పగటికి మా ఇంట్ల దావత్, రావాలె అన్నాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందే పోయి కూర్చున్నాను (వాళ్ళింకా ఉల్లిగడ్డలు కోస్తున్నారు). ఈ ఇంటివాళ్ళకు నచ్చాలి, మళ్ళీ పిలవాలి, అదొక్కటే నా ఆశ.

మగవాళ్ళంతా ముందుగదిలో చేరారు. కల్లు ఇస్తే వద్దన్నాను, బీరు ఇస్తే వద్దన్నాను, విస్కీ మాత్రం మా డైట్ ఒప్పుకుంటుందని చెప్పి సోడాతో తీసుకున్నాను. అన్న చుట్టాలు నన్ను ఎంతో చదువుకున్నవాడిలా చూశారు. మెతుకు తగలని కడుపులో మందు ఎంత తొందరగా పనిచేస్తుందో ఫోన్‌లోని మహానుభావులు ఎవరూ చెప్పలేదు. రెండో పెగ్గు సగంలోనే గోడ మెల్లగా నా వైపు జరగడం మొదలుపెట్టింది.

బంతిలో కూర్చున్నాం. అన్న వాళ్ళమ్మ అందరికీ ముందుగా బోనం కుండలోని అన్నం వడ్డిస్తూ వచ్చింది. నేను కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి, అన్నం ముట్టనని చెప్పాను. షట్టరన్న మొహం నల్లబడింది.

"మందుకు లేని పత్తెం అమ్మవారి బోనానికొచ్చిందా తమ్మీ?"

అక్కడైనా నోరు మూసుకోవాల్సింది. మూసుకోలేదు. అన్నం చక్కెరగా ఎలా మారుతుందో, చక్కెర కొవ్వుగా ఎలా మారుతుందో చేతులు తిప్పుతూ ఉపన్యాసం ఎత్తుకున్నాను. మధ్యలో ఎక్కడ దారి తప్పానో తెలియదు, నా గొంతు ఇంకేదో చెప్పడం నాకే వినిపించింది.

"ఒక్కని కోసం కుక్కర్ పెట్టబుద్ధి గాదు పెద్దమ్మా. విజిల్ ఒచ్చినా ఇనెటోన్ని నేనొక్కన్నే."

ఆపైన ఏడ్చాను. నిండు పండుగ పూట, చుట్టాల మధ్య, ఇస్త్రీ చొక్కాతో. మగవాళ్ళంతా తలలు వంచుకుని తమ కంచాలు చూసుకున్నారు. పెద్దమ్మ మాత్రం గంటె పక్కన పెట్టి నా ముందు కూర్చుంది. కంచం మీది నా చెయ్యి తీసింది.

"గట్లయితే ఇది డైటు గాదు బిడ్డా. తిను."

తిన్నాను. ఎన్నిసార్లు మారు వడ్డించుకున్నానో నాకు గుర్తులేదు (వాళ్ళింట్లో అందరికీ గుర్తుంది).

మర్నాడు చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు చేయకుండా మెట్లు దిగాను. ఇక ఈ గుమ్మం నాకు మూసుకున్నట్టే అనుకున్నాను. పెద్దమ్మ గుమ్మంలోనే బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది.

"రాత్రికి నీకు గూడ ఏస్తున్న. బయట తిని రాకు."

ఇప్పుడు జల్‌పల్లిలో సొంత ఇల్లు, పెళ్ళాం, పిల్లలు, నిజంగానే షుగరు. పెద్దమ్మ లేదు. డాక్టరు మందు మానమంటే మానేశాను. అన్నం తగ్గించమంటే మాత్రం నా వల్ల కావడం లేదు. లేని జబ్బుకు అన్నం మానేసిన ఆ పిల్లగాడు ఇప్పుడు ఎదురైతే నవ్వుతాను, నిజమే. కానీ ముందు కూర్చోబెట్టి, వాడి ముందు ఒక కంచం పెడతాను.