నలభై మూడో ఇంట్లో ఇద్దరు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. స్టాఫ్ రూంలో ఎవరైనా అలాంటి కబుర్లు మొదలుపెడితే "సిలబస్ అప్పుడే పూర్తయిందా టీచర్?" అని నోరు మూయించేదాన్ని. ఇది చదివాక మీరు నన్నూ ఆ కబుర్లవాళ్లలో కలిపేస్తారేమో. కలిపేసినా నేనేం చేయలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అమ్మాయి సుధ డాక్టర్. వీసా షరతు ప్రకారం డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేయాలి. అలా అయోవాలో ఒక చిన్న ఊరి క్లినిక్‌లో చేరింది. అల్లుడి ఉద్యోగం పక్క రాష్ట్రంలోని షామ్‌బర్గ్‌లో, శని ఆదివారాలు వస్తాడు. ఒక్కతే ఉంటోందని నేను ఆర్నెల్లు ఉందామని వెళ్లాను.

ఊరు పేరు రాయను. నాలుగైదు వీధులు, చుట్టూ చూపు ఆనినంత మేర మొక్కజొన్న. ఒక ధాన్యం గిడ్డంగి, ఒక పెట్రోల్ బంకు, మూతపడిన బడి. రైలు వచ్చినప్పుడు పుట్టిన ఊరట. రైలు ఆగడం మానేశాక చిక్కిపోతూ వచ్చిందట. ఊరి మొదట్లో ఆకుపచ్చ బోర్డు మీద జనాభా 318 అని రాసి ఉంటుంది.

సుధ క్లినిక్‌కి వెళ్లాక నాకు తోచేది కాదు. పాత బ్యాంకు భవనంలో ఒక గదిలో లైబ్రరీ ఉంటే అక్కడికి నడిచి వెళ్లేదాన్ని. దాన్ని చూసుకునేది మార్జరీ గారు. ఎనభై ఏడేళ్ల మనిషి, భర్త పోయి చాలా కాలమైంది. అక్కడ అందరూ ఆవిడని పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాలేదు, 'గారు' తగిలించాను. అదేమిటో అడిగి తెలుసుకుని, ఆ రోజు నుంచి ఆవిడా నన్ను 'కమల గారూ' అనేది.

ఆవిడ ఆ ఊరి చరిత్ర రాస్తోంది. ఈ ఊళ్లో పుట్టి, బతికి, పోయిన ప్రతి మనిషి పేరూ అందులో ఉండాలని ఆవిడ పట్టుదల. అయితే ఒక నియమం పెట్టుకుంది. ఎక్కడో ఒక చోట రాతపూర్వకంగా ఆధారం ఉంటేనే పేరు ఎక్కిస్తుంది. విన్నవీ అనుకున్నవీ పనికిరావు. అలాంటి మనిషంటే నాకు సహజంగానే గురి కుదిరింది.

"ఒక్క పేరుకి మాత్రం కాగితం దొరకలేదు" అంది ఒకసారి. "నలభై ఏళ్లుగా వెతుకుతున్నాను. ఆ పేరు లేకుండానే పుస్తకం అచ్చుకి పంపాలేమో." ఎవరి పేరని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

పుస్తకం చివర ఇప్పటి జనాభా వేయాలి. "ఆ బోర్డు అబద్ధమాడుతోంది కమల గారూ. అది ఎప్పటి లెక్కో. ఎంతమందిమి మిగిలామో చూద్దామంటే నా మోకాళ్లు సహకరించవు" అంది.

నేను ఊరుకుంటానా? మా దగ్గర జనాభా లెక్కలు రాసేది టీచర్లే. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ నా పుస్తకంలో ఒక్క తప్పు లేదు. నేను తిరుగుతానన్నాను.

సుధ గోల పెట్టింది. "అమ్మా, ఇక్కడ అలా డోర్స్ నాక్ చేయకూడదు. ఎవడైనా షూట్ చేస్తే?" మార్జరీ గారు నా ఫొటోతో పోస్టాఫీసులో ఒక కాగితం అంటించింది. ఇక ఎవరూ కాల్చలేదు సరికదా, ఇంటికో అరటిపండు కేకు ముక్క చేతిలో పెట్టారు.

మాకు ట్రైనింగ్‌లో నేర్పిన పద్ధతే ఇక్కడా పాటించాను. ఇంటి పెద్ద ఎవరు, ఎంతమంది ఉంటారు, పేరు, వయసు, ఇంటి పెద్దకు ఏమవుతారు. అవతలివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయాలి, మన ఊహ రాయకూడదు. నోట్‌బుక్‌లో అంతా తెలుగులోనే రాసుకున్నాను.

రెండో రోజు ఉదయం పదిన్నరకి నలభై మూడో ఇంటికి వెళ్లాను. మంచి ఎండ. వీధిలో ఆఖరి ఇల్లు, తెల్లరంగు పెచ్చులూడింది. వరండాలో గొలుసులకు వేలాడే ఉయ్యాల బల్ల మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. గళ్ల గౌను, రెండు జడలు, ఎడమచేతి బొటనవేలికి గుడ్డ పీలిక. పెద్దవాళ్లు లేరా అంటే లేరని తల ఊపింది.

ఇంటి పెద్ద ఎవరంటే "మార్జరీ" అంది. ఓహో, ఇది ఆవిడ ఇల్లా అనుకున్నాను. ఎంతమంది ఉంటారంటే "ఇద్దరం" అంది. పేరు బర్డీ. ఆరేళ్లు. నేను అడక్కుండానే 'మనవరాలు' అని రాసేశాను. మళ్లీ పద్ధతి గుర్తొచ్చి, మార్జరీకి నువ్వేమవుతావని అడిగాను.

"చెల్లెల్ని."

పిల్ల ఆటలాడుతోందనుకున్నాను. కానీ చెప్పింది చెప్పినట్టు రాయాలి కదా. మనవరాలు కొట్టేసి పక్కన 'చెల్లెలు' అని రాశాను.

"నన్ను రాశావా? ఏదీ, చూపించు" అంది. పుస్తకం వంచి చూపించాను. తెలుగక్షరాలు దానికేం తెలుస్తాయి? పేరు ఎక్కడుందో చూపిస్తే, గుడ్డ కట్టిన వేలు దాని మీద ఆనించి కాసేపు అలాగే ఉంచింది. ముద్దొచ్చింది. చెయ్యి ఊపి వచ్చేశాను.

ఐదో రోజుకి ఊరంతా పూర్తయింది. మొత్తం 282. లైబ్రరీలో కూర్చుని ఇల్లిల్లూ చదువుతుంటే మార్జరీ గారు రాసుకుంటోంది. నలభై మూడు, ఇద్దరు అన్నాను.

ఆవిడ నవ్వింది. "నా పిల్లిని కూడా లెక్కేశారా ఏమిటి?"

"పిల్లి కాదండీ, మీ మనవరాలు."

"నాకు పిల్లలే లేరు కమల గారూ."

ఎవరో పక్కింటి పిల్ల నన్ను ఆటపట్టించిందన్నమాట అనుకుని, నవ్వుతూనే ఆ వరుస చదివాను. పేరు, వయసు, వరస. తల ఎత్తేసరికి ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి నావైపే చూస్తోంది.

"ఎడమచేతి బొటనవేలికి గుడ్డ కట్టి ఉందా?"

వేలు సంగతి నేను చెప్పలేదు. పుస్తకంలో రాయనూ లేదు.

ఆవిడే చెప్పింది. బర్డీ ఆవిడ చెల్లెలు. మంచు కురుస్తున్న రోజు ఇంట్లోనే పుట్టింది. తలుపు సందులో వేలు నలిగిన వారానికే జ్వరంతో పోయింది. జిల్లా కాగితాలు ఒక అగ్నిప్రమాదంలో పోయాయి. చర్చి కూల్చేసినప్పుడు పుట్టుకలూ చావులూ రాసే దాని పుస్తకమూ పోయింది. సమాధి మీద చెక్క శిలువ పెట్టారు, అది పుచ్చిపోయింది. ఫొటో అసలే లేదు.

"జనాభా లెక్కలవాళ్లు పదేళ్లకోసారి వచ్చి రాసుకుపోతారు కదా. అది ఒక లెక్క అయ్యాక వచ్చింది, ఇంకో లెక్క రాకముందే వెళ్లిపోయింది. దాన్ని ఎవరూ రాయలేదు. దాన్ని చూసినవాళ్లలో మిగిలింది నేనే. నేను పోతే అది ఎప్పుడూ లేనట్టే" అంది.

ఏం చేయాలో తెలియక పెన్ను తీశాను. పోయినవాళ్లని లెక్కలో రాయరు. ఆ వరుస కొట్టేస్తే 281, అదీ పద్ధతి. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మీ రూలేమిటి?"

"చెప్పింది చెప్పినట్టు రాయడం."

"మీకు చెప్పిందెవరు?"

"ఆ పిల్లే."

"అయితే నాకు కాగితం దొరికింది" అంది. దాని పేరు ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే, సరిగ్గా ఆ పిల్ల ఆనించిన చోటే తన వేలు ఆనించింది. నాకు ఏడుపు ఆగలేదు.

సుధ ఆ రాత్రి నా బీపీ, షుగర్ చూసింది, తారీఖు అడిగింది, ఏడేసి తీసేస్తూ వంద నుంచి వెనక్కి లెక్కపెట్టించింది. అన్నీ సరిగ్గానే చెప్పాను. "ఆవిడే ఎప్పుడో చెప్పుంటుందమ్మా, నీకు గుర్తులేదు" అంది. కావచ్చనే అనుకుందామని చూశాను. కానీ ఆ వేలి సంగతి భర్తకి కూడా చెప్పలేదని మార్జరీ గారు ఒట్టేసింది. ఆ వీధి మొత్తం నా చేత్తో రాశాను, అందులో ఇంకో చిన్నపిల్ల లేదు.

నేను ఇండియా వచ్చేశాక పుస్తకం పోస్టులో వచ్చింది. ఆఖరి పేజీలో జనాభా 282 అని ఉంది. దాని కింద నా నోట్‌బుక్‌లోని ఆ ఒక్క వరుస, నా చేతిరాత ఫొటో తీసి, ఉన్నదున్నట్టు అచ్చువేసింది. ఆ ఊళ్లో దాన్ని చదవగలిగేది సుధ ఒక్కతే.

ఆ ఉదయం ఉయ్యాల బల్ల మీద కూర్చున్నదెవరో నాకు ఇప్పటికీ తెలియదు. లెక్కల టీచర్ని, తేలని లెక్క ఒప్పుకోవడం నాకు కష్టమే. అప్పుడప్పుడూ ఆ పేజీ తీసి చూసుకుంటాను. బర్డీ, ఆరేళ్లు. మనవరాలు అని రాసి కొట్టేసి, పక్కన చెల్లెలు అని ఉంటుంది.