ఒక మూతెడు ఆయిలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకంటే ఎక్కువ గారాబం నాన్న స్కూటరుకే జరిగేది. మల్కాపురంలో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో సగం దానిదే. పోర్టులో డ్యూటీ దిగి వచ్చాక నాన్న ముందు దాని దుమ్ము తుడిచి, ఆ తర్వాతే కాళ్ళు కడుక్కునేవాడు. అందులో సగం సేవ నాకు చేసి ఉంటే నేను ఇంకో జానెడు పెరిగి ఉండేదాన్ని.

అప్పటి స్కూటర్లకు పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. బంకులో తగినంత కలిపే పోసేవాళ్ళు. నాన్నకు అది చాలేది కాదు. ఇంటికొచ్చాక డబ్బాలోంచి ఇంకో మూతెడు తీసి టాంకులో పోసి, అది బాగా కలవాలని హ్యాండిల్ పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపేవాడు. ఇంజను చల్లగా ఉండి పదికాలాల పాటు పనిచేస్తుందని ఆయన నమ్మకం. బండిని కాదు, ఉయ్యాల ఊపుతున్నట్టు ఉండేది.

నేను బడికి వెళ్ళే రోజుల్లోనే నాన్న కామెర్లొచ్చి పోయాడు. ఆయన ఉద్యోగం అమ్మకిచ్చారు. బస్సుల్లో వేళకు చేరలేక అమ్మ పక్కింటి మామయ్య దగ్గర స్కూటరు నేర్చుకుంది. ఆయన ఫిట్టరు. నాన్నను బావా అని పిలిచేవాడు కనుక అమ్మను అక్కా అనేవాడు. చీర కుచ్చెళ్ళు దోపుకుని అమ్మ బండి మీద వెళ్తుంటే వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసేది. అమ్మ ఎవరి వంకా చూసేది కాదు. నాన్న పోయాక ఆమె సరిగ్గా ఏడ్చిందీ లేదు, నవ్విందీ లేదు. పెట్రోలు పోయించుకొచ్చినప్పుడల్లా మాత్రం నాన్నలాగే ఒక మూతెడు ఆయిలు పోసి, బండిని ఊపేది.

ఆ వానాకాలం బండి మొరాయించడం మొదలుపెట్టింది. స్టార్టయ్యేది, కొంచెం దూరం బాగానే వెళ్ళేది, రైల్వే గేటు దగ్గర ఎత్తు రాగానే నీరసించి ఆగిపోయేది. అమ్మ దిగి తోసుకుంటూ పోయేది. ఆఫీసులో ఆలస్యానికి చీవాట్లు. సంగతి తెలిసి ఊళ్ళోంచి చిన్నాన్న కబురు చేశాడు, ఆడమనిషికి బండి ఎందుకు, ఆదివారం వచ్చి తీసుకుపోతానని. ఆ మాట విన్న రోజు అమ్మ అన్నం ముట్టలేదు. మర్నాడు మామయ్యను పిలిచింది.

మామయ్య తొందరపడే మనిషి కాదు. ముందు ప్లగ్గు విప్పాడు. నల్లగా, జిడ్డుగా ఉంది. గరుకు కాగితంతో రుద్ది, ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నిప్పురవ్వ పడింది. పైపు లాగి చూశాడు, పెట్రోలు ధారగానే వస్తోంది. గాలి ఫిల్టరు కడిగి పెట్టాడు. అయినా బండికి ఊపు రాలేదు. అప్పుడు ఇంజను ఆన్‌లో ఉంచి సైలెన్సరు వెనక అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. నా చెయ్యి కూడా పట్టుకుని అక్కడ పెట్టాడు. పొగ వేళ్ళకు తగిలీ తగలనట్టు వస్తోంది. సైలెన్సరు ఊడదీసి స్టార్ట్ చేస్తే ఇంజను ఊపందుకుని వీధి దద్దరిల్లిపోయింది.

"పీల్సుకుంటంది గానీ, వొదల్లేకపోతంది" అన్నాడు.

పెరట్లో మంట వేసి సైలెన్సరును అందులో పెట్టాడు. నల్లటి పొగ లేచింది. చల్లారాక కర్రతో తడితే మసి పెచ్చులు పెచ్చులుగా రాలి కుప్ప పడింది. అమ్మ ఆ కుప్పను చూసి, ఇంత మసి ఎక్కడిదని అడిగింది. మామయ్య కిటికీలో ఉన్న ఆయిలు డబ్బా వైపు చూశాడు.

"అక్కా, మూతెడు ఎక్కువ పోత్తన్నావేటి?"

"ఆయన అలాగే పోసీవోరు గదా తమ్ముడూ."

"పోసీవోడు. నాను సెప్తే ఇనీవోడు కాదు. బావ ఉన్నన్నాళ్ళూ దీన్ని ఇప్పి కాల్సీది నానే. నువ్వూ పోత్తన్నావని నాకేటి తెలుసు?" తర్వాత నెమ్మదిగా అన్నాడు. "పేమతో పోసినా మసి మసేనక్కా. ఇంక పొయ్యకు."

అమ్మ ఆ మసి పక్కనే కూలబడింది. "అది కూడా మానీమంటావా" అని ఒక్కసారిగా ఏడ్చింది. నాన్న పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. నాన్న చేసే పనుల్లో మా ఇంట్లో మిగిలింది అదొక్కటే మరి. మామయ్య ఓదార్చలేదు. మా వైపు వీపు పెట్టి కూర్చుని, ఎప్పుడో శుభ్రపడిన సైలెన్సరును తీగతో గీకుతూనే ఉన్నాడు. నేను వెళ్ళి అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాను.

సాయంత్రం నన్ను వెనక కూర్చోబెట్టుకుని అమ్మ రైల్వే గేటు ఎత్తు ఎక్కించింది. బండి ఆగలేదు. ఆదివారం వచ్చిన చిన్నాన్నకు కాఫీ ఇచ్చి, ఉత్తి చేతులతోనే పంపేసింది. తర్వాత పెట్రోలు పోయించుకొచ్చిన రోజున అలవాటుగా మూత నిండా ఆయిలు తీసింది. టాంకు మూతి మీద కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత ఒక్క చుక్క ఒలక్కుండా దాన్ని మళ్ళీ డబ్బాలోనే పోసి, బండిని మాత్రం నాన్నలాగే అటూ ఇటూ ఊపింది. ఆ బండి ఉన్నంతకాలం అలాగే చేసింది. పోయినవాళ్ళ ప్రేమను దాచుకోవచ్చని, వాళ్ళ పొరపాటును మాత్రం మోయనక్కర్లేదని అమ్మ నాకు మాటల్లో ఎప్పుడూ చెప్పలేదు.

నిరుడు మా ఆయన పోయారు. నాకు షుగరు. డాక్టరు వద్దన్నా, చప్పిడి టీ ఎలా తాగుతావే అంటూ ఆయన నా గ్లాసులో దొంగచాటుగా అర చెంచా పంచదార వేసేవారు. ఇప్పుడు పొద్దున్నే నా టీ నేనే పెట్టుకుంటాను. అర చెంచా పంచదార తీసి, గ్లాసు మీద కాసేపు పట్టుకుంటాను. తర్వాత మళ్ళీ డబ్బాలో పోసేస్తాను.