ఎవరు ఆపారని అడగని చాచా

పాత లాప్‌టాప్‌లో ఫ్యాను తిరగగానే వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. మొన్న కల్లూరులో ఒకరింట్లో వైఫై చూడటానికి వెళ్తే అదే వాసన తగిలింది. "ఫోన్లన్నిటికీ వస్తోందమ్మా, దీనికే రావట్లేదు. ఇక పారెయ్యడమే," అంది ఆ ఇంటి అత్తగారు. కోడలు తలుపు పక్కన నిలబడి చూస్తోంది. నాకు మణుగూరులో మా పక్కింటి యాకూబ్ చాచా గుర్తొచ్చాడు. ఈ వైఫై పనిలో నేను నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆయన చలవే.

చాచా ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. రేడియోలు పోయాయి, దుకాణం పోయింది, ఆయన చెవి మాత్రం పోలేదు. ఏ యంత్రం మొరాయించినా తల పక్కకు వంచి, "ఎందుకు?" అని దాన్నే అడిగేవాడు. మా అమ్మకు ఒకటే నవ్వు.

నా మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో జరిగింది. మధ్యాహ్నం మూడింటికి, లాప్‌టాప్‌లోనే మాట్లాడాలన్నారు. మా ఇంట్లో ఉన్నది బాపు, అంటే మా నాన్న, తన బొగ్గుబావి దోస్తు దగ్గర కొన్న పాతది, నెట్ తీగ పెట్టే చోటు కూడా విరిగిపోయింది. అడవి అంచున ఉన్న మా ఇళ్ల లైనులో ఫోన్ సిగ్నల్ ఒక్క గీత దాటదు. అందుకే కొత్త రౌటర్ పెట్టించాం. ఫోన్‌కు వస్తోంది గానీ, ఆ ఉదయం చూస్తే లాప్‌టాప్ జాబితాలో మా వైఫై పేరే లేదు! నాకు ఏడుపొక్కటే తక్కువ. డ్యూటీ దిగొచ్చిన బాపు అన్నమైనా తినకుండా మళ్లీ చొక్కా తొడుక్కున్నాడు. "కొత్తగూడెం పోయి కిస్తీల మీద కొత్తది తెస్త," అన్నాడు.

చాచా అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. "జర ఆగు మల్లన్నా. అది సచ్చిందని ఎవరు జెప్పిండ్రు?"

"నేనే," అన్నాను మొండిగా.

"మరి దాంట్ల ఏమేం పేర్లున్నయో సదువు బిడ్డా."

ఒక్కటే ఉంది. మా వరసలో చివరి ఇంటి వాళ్ల పాత రౌటర్‌ది, అదీ సన్నగా. చాచా కళ్లు మెరిశాయి. "అరె! గంత దూరంది వినపడ్తుంది, పక్కనున్నది వినపడ్తలేదా? అయితే దీని చెవులు మంచిగనే ఉన్నయ్. మీ డబ్బా గొంతు చూడు."

అప్పుడు గుర్తొచ్చింది. కొత్త రౌటర్ రెండు రకాల సిగ్నల్ పంపుతుంది, ఒకటి నిదానం, ఒకటి వేగం. మా పాత లాప్‌టాప్‌కు నిదానందే అందుతుంది. ఏదో వీడియో చూసి, నెట్ ఇంకా పరుగెత్తుతుందని దాన్ని ఆపేసింది నేనే. బాపు ముందు ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఫోన్లో సెట్టింగ్ తెరిచాను. చాచా దాన్ని చూశాడు, నా మొహమూ చూశాడు. ఎవరు ఆపారని అడగలేదు. "నువ్వే నొక్కు బిడ్డా," అన్నాడు.

పేరు వచ్చింది, పేజీలు మాత్రం తెరుచుకోలేదు. "ఇప్పుడేమంటుంది?" అంటూ చాచా హుషారుగా ముందుకు జరిగాడు. ఈసారి నేను ఏడవకుండా వెతికాను. తెర మూలన తేదీ ఎన్నో ఏళ్లు వెనకబడి ఉంది. తేదీ తప్పయితే లాప్‌టాప్ పేజీలను నమ్మదని తర్వాత తెలిసింది. సరిచేయగానే తెరుచుకున్నాయి. బాపు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

ఉద్యోగం వచ్చింది. ఆ కబురు చెప్పడానికి వెళ్లి, తప్పు ఒప్పుకోబోతే చాచా నవ్వాడు. "నాకు దెల్వదా? నేనెన్ని రేడియోలు కాలబెట్టిన్నో నీకు దెల్వదు." ఇప్పుడాయన లేడు. ఏదైనా కొత్త చిక్కు విప్పిన రోజు ఆయనకు చెప్పుకోలేకపోవడం నాకు చాలా కష్టంగా ఉంటుంది.

కల్లూరు ఇంట్లోనూ సెట్టింగ్ తెరిస్తే ఆ నిదానం సిగ్నలే ఆపి ఉంది. కోడలి మొహం పాలిపోయింది. "ఎవరు చేశారమ్మా ఈ పని?" అంది అత్తగారు.

"ఎవరైతే ఏముందమ్మా, లాప్‌టాప్ బంగారంలా ఉంది," అని ఫోన్ కోడలి చేతికిచ్చాను. "నువ్వే నొక్కు."

నొక్కింది. పేరు రాగానే ఆ పిల్ల భయం మరిచిపోయి, లాప్‌టాప్ వైపు వంగి, "ఇందాక ఎందుకు రాలేదక్కా?" అని అడిగింది.

నేను సంచి కింద పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.