సున్నం వేసిన రాళ్ల వరుస

జర్మనీ యుద్ధానికని వెళ్లి బస్రా నుంచి తిరిగివచ్చాక నర్సీపట్నంలో నాకు జరిగిన సన్మానసభలో బడి మాస్టారే అంతా మాట్లాడారు. నాతోపాటు సైన్యపు కూలీల దళంలో వెళ్లి అక్కడే చనిపోయిన మా ఊరి యువకుడు శత్రువుల తుపాకీ గుళ్లకు ఎదురొడ్డి నేలకొరిగాడన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేను మెడలోని దండ సవరించుకుంటూ కూర్చున్నాను.

సమాధులకు సున్నం వేసి దీపాలు పెట్టే సమాధుల పండుగ దగ్గరపడగానే అతని తల్లి మా ఇంటికి వచ్చింది. మిషన్ చర్చి వెనుక కొడుకు పేర సమాధి కట్టించుకుంది; లోపల దేహం లేదు. నేను సర్వేయరును గనుక దారం పట్టి చుట్టూ రాళ్లు పాతించమని కోరింది. వెళ్లాను. పేరు చెక్కవలసిన పలక ఇంకా ఖాళీగానే ఉంది.

"పోరాడి సచ్చిపోనాడని సెక్కించమన్నారండి మాస్టారు. మావోడు కోడిని కొయ్యమంటేనే పారిపోయేవోడు. మీరు దగ్గరున్నారు గదా బాబూ, నిజం సెప్పండి. వోడు మనిషిని సంపినాడా?"

"లేదమ్మా."

"మరేటి సేసినాడు అన్నాళ్లూ?"

చెప్పక తప్పలేదు. బస్రాలోని ఆ ఒండ్రునేలలో గులకరాయైనా దొరకదు. రాళ్లు మన దేశం నుంచే ఓడల్లో వచ్చేవి. పెద్ద దొర ఒకరు తనిఖీకి వస్తారని, శిబిరంలోని దారికి ఇరువైపులా వాటిని పేర్చి సున్నం వేయించేవారు. వరుస వెంట్రుకవాసి తప్పకుండా థియోడలైటు అనే కొలత దుర్భిణితో చూడటం నా పని. సున్నం వేయడం అతని పని. సాయంత్రానికి దుమ్ము లేచి రాళ్లన్నీ నేల రంగుకు తిరిగేవి. తెల్లవారితే మళ్లీ సున్నం. ఆ దొర ఎన్నడూ రాలేదు.

"రాళ్లకి సున్నమా!" ఆమెకు నవ్వు వచ్చింది. "ఇంటికి సున్నమెయ్యమంటే గోడకన్నా ఒంటికే ఎక్కువ పూసుకునేవోడండి." నవ్వు ఆగాక అడిగింది: "మరెలా పోనాడు?"

"వడదెబ్బమ్మా. కుంచె చేతిలోనే ఉంది."

"యుద్ధం జరుగుతుండగానా?"

"అప్పటికి అయిపోయింది."

"అయిపోనాక సున్నమెందుకండీ?"

ఆపమన్న ఉత్తరువు రాలేదని చెప్పాను. నా కొలతలో తప్పు లేదన్న సంగతి ఆ ఎండలో నాకెంత తృప్తినిచ్చేదో గుర్తుకువచ్చి, ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆమె పలకను చేత్తో తుడిచింది.

"పేరొక్కటే సెక్కిస్తానండి. మనిషిని సంపలేదు, అదే సాలు." సున్నపు కుండ దగ్గరకు లాక్కుంది. "ఆ వరస సక్కగా వొచ్చిందా బాబూ?"

"వచ్చిందమ్మా."

"అయితే ఇక్కడా అలాగే పెట్టించండి. వొంకర రాకండా సూడండి, లేపోతే ఏ దొరైనా వొచ్చి మావోణ్ణి లేపి మళ్లీ సున్నమెయ్యమనగలడు."

నేను తల ఎత్తకుండా మేకుకు దారం బిగించాను.