నాయుడు గారి ఖలాసీ పరీక్ష

1994 వానాకాలం మొదట్లో భిలాయి పారిశ్రామికవాడలోని ఒక ప్రైవేటు కంపెనీలో పర్సనెల్ ఆఫీసరుగా చేరాను. అప్పటికి ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రం కాలేదు. ఉక్కు కర్మాగారాలకు గేర్‌బాక్సులు, కన్వేయర్లు బిగించి ఇవ్వడం మా పని. ఆర్డరు వస్తే మనుషులు చాలరు, ఆర్డరు లేకపోతే ఉన్నవాళ్లే ఎక్కువ. పైగా ఊళ్లో చేయి తిరిగిన ప్రతివాడి చూపూ ప్రభుత్వపు పెద్ద ఉక్కు ప్లాంటు మీదే. అక్కడి జీతం, క్వార్టరు, ఆసుపత్రి మేం ఇవ్వలేం కదా! ఎవరిని తీసుకోవాలో నిర్ణయించే అధికారం నాదే అని నియామకపు ఉత్తర్వులో ఉన్నా, సగం వ్యవహారం గేటు బయటే తేలిపోయేది.

మిగతా సగం అప్పలనాయుడు గారి చేతిలో ఉండేది. ఆయన ఖలాసీ గ్యాంగుకు మేస్త్రీ. బరువైన యంత్రాలను గొలుసులతో, తాళ్లతో ఎత్తి వాటి చోట కూర్చోబెట్టేవాళ్లు ఖలాసీలు. నాయుడు గారిది శ్రీకాకుళం వైపు. గ్యాంగులో అందరూ ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఒకరిని చేర్చితే మూడు నెలలపాటు వాడి పనికీ, నడవడికకూ ఆయనే పూచీ. ఇంతకంటే సుఖమైన పద్ధతి ఏ ఆఫీసుకు దొరుకుతుంది?

ఆ ఏడాది స్థానిక కుర్రాళ్లు గేటు ముందు బైఠాయించారు. తమ నేల మీద కంపెనీ పెట్టి తమకే పని లేదంటే ఎలా అని వాళ్ల వాదన. యజమాని బెదిరిపోయి, ఖాళీగా ఉన్న ఒక్క ఖలాసీ పోస్టుకూ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి నుంచి పేర్లు తెప్పించి, పని పరీక్ష పెట్టమన్నాడు. సిఫార్సులు వద్దన్నాడు.

ఆ పేర్లలో నాయుడు గారి మేనల్లుడు రమణ ఉన్నాడు. వాళ్ల నాన్న ప్లాంటులో రిటైరయ్యాడు. సెక్టర్ 7లోని క్వార్టరు త్వరలో ఖాళీ చేయాలి. ఇంట్లో సంపాదించే మనిషి ఇంకొకడు లేడు. నాయుడు గారు నా గదికి వచ్చి, "బాబూ, నాను సిఫార్సు సెయ్యను. పరీచ్చలో ఆడే గెలుత్తాడు, సూడండి" అని మీసం దువ్వుకుంటూ వెళ్లారు.

పరీక్ష యార్డులో జరిగింది. లారీ మీది గేర్‌బాక్సును ఎత్తి, దిమ్మె మీది బోల్టుల్లోకి దింపాలి. అది ఊగకుండా పక్కన కట్టిన తాడు పట్టుకోవడం అభ్యర్థి పని. కేకలు వేసేదీ, మార్కులు వేసేదీ మేస్త్రీయే. ముందు కుమ్హారి నుంచి వచ్చిన దుఖూరామ్ అనే స్థానికుడు తాడు పట్టాడు. నాయుడు గారు "ఒగ్గీ!" అన్నారు, వదలమని. అతను ఇంకా బిగించాడు. గేర్‌బాక్సు గిర్రున తిరిగింది. స్థానికులకు ఈ పని పట్టుబడదని గ్యాంగులో ఉన్న నమ్మకం మరోసారి రుజువైంది.

తర్వాత రమణ. "ఒగ్గీ! ఒగ్గీరా గుంటడా!" రమణ కూడా బలం కొద్దీ లాగాడు. గేర్‌బాక్సు వెళ్లి లారీ పలకకు ధడాలున తగిలింది.

"ఒగ్గీమంటే లాగుతావేటిరా?"

"మావయ్యా, ఒగ్గీ మత్‌లబ్ క్యా?"

గ్యాంగంతా పగలబడి నవ్వింది. నాయుడు గారు నవ్వలేదు. పిల్లవాడు సెక్టర్ 7లో పుట్టి, హిందీ బడిలో చదివాడు. అన్నం పెట్టమనడానికి సరిపడా తెలుగు మాత్రమే వచ్చు, ఒగ్గీ అంటే ఏమిటో తెలియదు. నేను దుఖూరామ్‌ను పిలిచి, వదలమంటే ఎందుకు లాగావని హిందీలో అడిగాను. "కామ్ ఆతా హై సాబ్, ఇన్‌కీ బోలీ నహీఁ ఆతీ" అన్నాడు. పని వచ్చు, ఈయన మాట రాదు.

ఇన్నేళ్లూ మా పరీక్ష చేతులకు కాదు, చెవులకు జరుగుతోందన్నమాట. ఇందులో ఎవరి మోసమూ లేదు. క్రేన్ల దగ్గర వాడే చేతి సైగలతో మర్నాడు మళ్లీ పరీక్ష పెడదామన్నాను. నాయుడు గారు చిన్నబుచ్చుకున్నారు. "ఖలాసీ మాట ఇదే కద బాబూ!" అన్నారు. ఆయన నిజంగానే అలా నమ్మేవారు.

మర్నాడు ఇద్దరూ బాగా చేశారు. అయితే బరువు ఊగబోయే ముందే దుఖూరామ్ తాడును కాస్త సడలించి, మళ్లీ అందుకునేవాడు. నాయుడు గారు అతనికే ఎక్కువ మార్కులు వేశారు. చెల్లెలికి ఏం చెబుతారని అడిగాను.

"ఏటి సెప్తాను బాబూ? ఆ గుంటడి సేతిలో తాడుంది. మావోడికి ఇంకా రాలేదు. మా ఇంటికి ఒచ్చీమంటాను, ఉన్నదే తిందారి."

ఆ మనిషి మీద నాకు అంతకు ముందు గౌరవం ఉండేది. ఆ రోజు నుంచి ప్రేమ కూడా కలిగింది. చెల్లెలి కుటుంబం పవర్ హౌస్ బజారు వెనక ఆయన రెండు గదుల ఇంట్లోకి మారింది. ఆ తర్వాత పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు రమణ కూడా సైగల పరీక్షలో నెగ్గి చేరాడు. అప్పటికి దుఖూరామ్‌కు గ్యాంగు తెలుగంతా వచ్చేసింది, తిట్లతో సహా. మేనమామ భాషను మేనల్లుడికి నేర్పింది అతనే.

కొన్నేళ్లకు నాయుడు గారు రిటైరయ్యారు. దుఖూరామ్ మేస్త్రీ అయ్యాడు. కొత్తవాళ్లకు పరీక్ష పెట్టాం. ముందుగా తాడు పట్టినవాడు కుమ్హారి కుర్రాడే. దుఖూరామ్ దిమ్మె పక్కన నిలబడి, నడుం మీద చేయి పెట్టి, గొంతెత్తి అరిచాడు: "ఒగ్గీ! ఒగ్గీరా గుంటడా!"

కుర్రాడు వెర్రిమొహం వేసి ఇంకా గట్టిగా లాగాడు. నేను లేచి పరీక్ష ఆపించి, సైగలు చేయమన్నాను. దుఖూరామ్ నా వైపు ఆశ్చర్యంగా చూశాడు.

"సాబ్, ఖలాసీ కీ బోలీ యహీ తో హై!"

నాయుడు గారి మాటే, హిందీలో. మనుషుల్ని చేర్చుకోవడంలో జీతం, ఆర్డర్లు, ప్రభుత్వ నిబంధనలు, గేటు దగ్గర ఒత్తిడి, అన్నిటికీ పాత్ర ఉంది. వీటన్నిటికంటే గట్టిది లోపలున్నవాళ్ల అలవాటు. ఎవరు లోపలికొచ్చినా కొన్నాళ్లకు దాన్నే పని అనుకుంటారు. అందుకే పరీక్షను ఒకసారి సరిదిద్దితే చాలదు, మేస్త్రీ మారినప్పుడల్లా మళ్లీ సరిచూడాలి.